సాఫ్ట్‌వేర్ పోరగాళ్ల లైనక్స్: అమీర్‌పేట గదుల నుంచి ఎర్రగడ్డ సంత దాకా

ఎర్రగడ్డ నుంచి ఈ వారం ఎపిసోడ్. వీడియో చూసే టైం లేక మెట్రోలో నిలబడి ఫోన్‌లో చదువుకునేవాళ్ల కోసం, ఎప్పట్లాగే మాటలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం. నోటి మాట కాబట్టి అక్కడక్కడ వాక్యం అటూ ఇటూ పోతుంది, కొంచెం సర్దుకోండి.

ఎర్రగడ్డ అనగానే బయటివాళ్లు ఒక జోకు వేస్తారు. సినిమాలు నేర్పిన జోకు. విని విని మాకు పాతదైపోయింది. మాకు ఎర్రగడ్డ అంటే రైతుబజార్, మెట్రో స్టేషన్, ఆదివారం సంత. ఆ సంతలో పాత ఫ్యాన్లు, బండి సామాన్లు, చార్జర్లు, కంప్యూటర్ పార్టులు అన్నీ పరిచి పెడతారు. మొన్న ఆదివారం అక్కడ ఒక పాత లాప్‌టాప్ దగ్గర ఆగాను. అమ్మే అన్న పవర్ బటన్ నొక్కాడు. స్క్రీన్ మీద ఊదా రంగు, నారింజ రంగు. ఉబుంటు!

"విండోస్ లేదా అన్నా?" అన్నాను.

"పదకొండు దీంట్ల ఎక్కదు తమ్మీ. ఇది ఎక్కుతది. సాఫ్ట్‌వేర్ పోరగాళ్లు ఇదే అడుగుతున్నరు," అన్నాడు.

ఆ ఒక్క మాట వెనకాల ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. ఇవాళ చెప్పేది అదే. లైనక్స్ డెస్క్‌టాప్‌ని జనంలోకి తీసుకెళ్లడానికి చాలామంది చాలా దారులు తొక్కారు. ప్రభుత్వాల దారి ఒకటి, చౌక లాప్‌టాప్ దారి ఒకటి, మాతృభాష దారి ఒకటి. చివరికి పనిచేసింది డెవలపర్ల దారి. కానీ అది ఎంత దూరం పనిచేసింది, ఎక్కడ ఆగింది అన్నది అర్థం కావాలంటే అమీర్‌పేట చూడాలి. ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్.

ముందు ఒక చిన్న సంగతి. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే మీరు ఇప్పటికే లైనక్స్ వాడుతున్నారు. ఆండ్రాయిడ్ అడుగున ఉండే కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌తో మాట్లాడే భాగం, లైనక్సే. 1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లో హెల్సింకీ యూనివర్సిటీ స్టూడెంట్ లైనస్ టోర్వాల్డ్స్, 21 ఏళ్ల కుర్రాడు, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని నెట్‌లో చెప్పాడు. చదివింది ఎవరు? తనలాంటి ప్రోగ్రామర్లే. బాగుందన్నదీ, తప్పులు పట్టిందీ, సరిచేసి తిరిగి పంపిందీ వాళ్లే. అంటే లైనక్స్ పుట్టడమే డెవలపర్ చేతిలో, డెవలపర్ కోసం పుట్టింది. మామూలు మనిషి ఆ లెక్కలోకి తర్వాతెప్పుడో వచ్చాడు. 1996లో కేడీఈ, 1997లో గ్నోమ్ అనే ప్రాజెక్టులు మొదలయ్యాక గానీ లైనక్స్‌కి బొమ్మలూ, బటన్లూ, మెనూలూ ఉన్న సరైన ముఖం రాలేదు.

మన దేశంలోకి అది సీడీల మీద వచ్చింది. తొంభైల్లో పీసీక్వెస్ట్ పత్రిక లైనక్స్ సీడీలు పంచింది. 2003లో లైనక్స్ ఫర్ యూ అనే పత్రికే మొదలైంది. ఆ కాలంలో సినిమా డౌన్‌లోడ్ మాట అటుంచండి, మెయిల్‌కి ఫోటో జోడించాలన్నా నెట్ సెంటర్లో గంటకింత కట్టి కూర్చోవాలి.

ఇప్పుడు అమీర్‌పేటకి వద్దాం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్‌ని హైదరాబాద్‌లో పెట్టింది. వై2కే గిరాకీ ఒకవైపు, అమెరికా వీసాలు మరోవైపు. మైత్రీవనం, దాని పక్కన ఆదిత్యా ఎన్‌క్లేవ్, సత్యం థియేటర్ సందులు... గోడ కనబడితే చాలు బోర్డు. కోబాల్, ఒరాకిల్, విజువల్ బేసిక్, జావా, తర్వాత డాట్‌నెట్. ఎస్.ఆర్.నగర్ హాస్టళ్లలో ఒక్కో గదిలో నలుగురైదుగురు.

ఆ రోజుల్లో జియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్ర పరిశోధకుడు మన హైదరాబాద్ వచ్చి ఈ లోకాన్ని దగ్గర్నుంచి చూశాడు. 2007లో ఆయన రాసిన 'గ్లోబల్ బాడీ షాపింగ్' పుస్తకం వచ్చింది. ఐటీ కుర్రాడి కోర్సు ఫీజు వెనకాల కోస్తా జిల్లాల వ్యవసాయం డబ్బు, కట్నం డబ్బు ఎలా తిరుగుతుందో అందులో ఉంటుంది. దీన్ని ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, పొలం మీద అప్పు తెచ్చి అమీర్‌పేట వచ్చినవాడు ప్రయోగాలు చేయడు. ఉద్యోగ ప్రకటనలో ఏ పేరుంటే అదే నేర్చుకుంటాడు. కంప్యూటర్లో ఏ ఆపరేటింగ్ సిస్టం ఉండాలన్నదీ ఆ ప్రకటనే తేలుస్తుంది. అమీర్‌పేట నడిచేది సిద్ధాంతం మీద కాదండి, జాబ్ ఓపెనింగ్ మీద.

లైనక్స్ వాళ్లు అప్పట్లో చెప్పిన పెద్ద మాట 'ఇది ఫ్రీ' అని. అమెరికాలో, జర్మనీలో ఆ మాటకి విలువుంది, అక్కడ విండోస్ కొనాలి కాబట్టి. మన దగ్గర? అసెంబుల్ చేసిన ఏ కంప్యూటర్‌లో చూసినా దొంగ కాపీ విండోస్ వేసి ఇచ్చేవాళ్లు. ఆఫీసూ, ఫోటోషాపూ, ఒరాకిలూ రోడ్డు పక్క సీడీల మీద దొరికేవి. రెండూ ఫ్రీ అయినప్పుడు కొత్తది ఎవరికి కావాలి? నా దృష్టిలో మన దేశంలో లైనక్స్ డెస్క్‌టాప్‌కి అసలు పోటీ విండోస్ కాదు, దొంగ విండోస్.

నా సంగతే చెప్తా. 2006లో ఉబుంటు వాళ్లు అడిగినవాళ్లకి పోస్టులో ఉచితంగా సీడీ పంపేవాళ్లు. షిప్‌ఇట్ అనేవాళ్లు దాన్ని. నేనూ తెప్పించుకున్నా. మా హాస్టల్ గదిలో నలుగురికీ కలిపి ఒక్కటే కంప్యూటర్. అందులో వేస్తూ పార్టిషన్ దగ్గర తప్పు బటన్ నొక్కాను. రూమ్మేట్ రెజ్యూమేలు, ప్రాజెక్టు, ఒక 40 సినిమాలు అన్నీ గోవిందా. వాడు నాతో నెల రోజులు మాట్లాడలేదు. సరే, సిస్టం అయితే వచ్చింది. పాటల సీడీ పెట్టాను. పాట రాలేదు! ఎందుకంటే ఎంపీ3 మీద అప్పుడు పేటెంట్లు ఉన్నాయి, ఉబుంటు, ఫెడోరా ఆ ముక్కని సీడీలో ఇచ్చేవి కావు. నెట్ పెట్టి డౌన్‌లోడ్ చేసుకోమనేవి. మా గదిలో నెట్ లేదు. పాట పాడని కంప్యూటర్ హాస్టల్లో ఎవడికి కావాలి చెప్పండి? వారంలో మళ్లీ ఎక్స్‌పీ.

నా చేతగానితనం కొంత ఉందనుకోండి. కానీ గమనించాల్సింది ఇది: లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించే పద్ధతి అంతా ఇంట్లో నెట్ ఉంటుందన్న నమ్మకం మీద కట్టింది. మన నేలేమో అప్పటికి సీడీల మీద నడుస్తోంది.

అదే సమయంలో ఇదే ఊళ్లో ఇంకో ప్రయత్నం జరిగింది. దాన్ని మనవాళ్లు చాలామంది మర్చిపోయారు. 2005లో 'స్వేచ్ఛ' పేరుతో తెలుగులో ఒక లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం వచ్చింది. ఆ పేరుతోనే సంస్థ కూడా నిలబడింది, ఇప్పటికీ పనిచేస్తోంది. పేరు ఎంత బాగా కుదిరిందో చూడండి. ఇంగ్లీషులో 'ఫ్రీ' అంటే ఉచితమా, స్వేచ్ఛా అని రిచర్డ్ స్టాల్‌మన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి వివరించాల్సి వచ్చింది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఫైల్‌ని దస్త్రం అన్నారు, సెట్టింగ్స్‌ని అమరికలు అన్నారు. స్వచ్ఛందంగా పనిచేసే కుర్రాళ్లు కూర్చుని వేల వాక్యాలు తెలుగు చేశారు. తిరుమల కృష్ణ దేశికాచారి గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు, రెడ్ హ్యాట్ తరఫున వచ్చిన లోహిత్ ఫాంట్, ఇవన్నీ యూనికోడ్ తెలుగుకి ఆ రోజుల్లో పెద్ద అండ.

వాళ్ల లక్ష్యం డెవలపర్ కాదు. ఇంగ్లీషు రాని మనిషి. లక్ష్యం గొప్పదే, నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. మరి ఎందుకు పాకలేదు? కారణం వెతుక్కుంటూ ఢిల్లీ పోనక్కర్లేదు, పంజాగుట్ట సందులో ఏ డీటీపీ షాపుకి వెళ్లినా దొరుకుతుంది.

తెలుగులో కంప్యూటర్ మీద రోజంతా పనిచేసేది ఎవరండి? శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, పుస్తకాలు కంపోజ్ చేసేవాళ్లు. వాళ్ల పని పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. అను అనేది యూనికోడ్ కాదు, దాని కీబోర్డు అలవాటు వేరు, అది విండోస్ మీదే నడుస్తుంది. పదేళ్లుగా చేతివేళ్లకి పట్టిన అలవాటు, పదేళ్ల పాత ఫైళ్లు, అన్నీ ఆ ఫాంట్లలోనే. పక్క షాపులో ఆడిటర్ దగ్గర టాలీ. అదీ విండోస్ సరుకే. వాళ్లకి దస్త్రం అని రాసి ఉందా, ఫైల్ అని రాసి ఉందా అన్నది సమస్యే కాదు. వాళ్ల అన్నం పెట్టే సాఫ్ట్‌వేర్ ఆ సిస్టంలో లేదు. అది రాయాల్సింది ఎవరు? డెవలపర్. ఆ డెవలపర్ ఎక్కడున్నాడు? అమీర్‌పేటలో విండోస్ ముందు కూర్చుని డాట్‌నెట్ నేర్చుకుంటున్నాడు.

ఈ సూత్రం మైక్రోసాఫ్ట్‌కి అందరికన్నా ముందే తెలుసు. స్టీవ్ బామర్ స్టేజీ మీద చెమటలు కక్కుతూ 'డెవలపర్స్, డెవలపర్స్' అని అరిచిన వీడియో మీలో చాలామంది మీమ్‌గా చూసే ఉంటారు. నవ్వొస్తుంది కానీ ఆ అరుపులో వ్యాపార రహస్యం మొత్తం ఉంది. మనుషులు సిస్టంని చూసి రారు, అందులో దొరికే పనిముట్లని చూసి వస్తారు. ఆ పనిముట్లు రాసేవాడు ఎటుంటే జనం అటు. అదే బామర్ 2001లో లైనక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

బయటి దేశాల్లోనూ ఇలాంటి ఎదురుదెబ్బలు ఉన్నాయి. జర్మనీలో మ్యూనిక్ నగరం 2003లో నిర్ణయించుకుని సుమారు 15,000 ఆఫీసు కంప్యూటర్లని లైనక్స్‌కి మార్చింది. 2017లో తిరిగి విండోస్‌కి పోతామంది. కేరళ బడుల్లో మాత్రం నిలబడింది, ఎందుకంటే అక్కడ టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చి, పరీక్ష కూడా దాని మీదే పెట్టారు. అది వేరే ఎపిసోడ్‌కి సరిపడా కథ.

ఇప్పుడు 2012కి వద్దాం. ఆ ఒక్క ఏడాదిలో రెండు సంగతులు జరిగాయి, రెండూ డెల్ కంపెనీవే. పక్కపక్కన పెట్టి చూడండి.

ఒకటి మన దగ్గర. ఉబుంటు వేసిన డెల్ లాప్‌టాప్‌లని ఇండియాలో సుమారు 850 షాపుల్లో అమ్ముతామని 2012లో ప్రకటించారు. వినడానికి ఎంత పెద్ద విజయం! కానీ షాపులో అది ఎలా అమ్ముడుపోయేది? విండోస్ లైసెన్సు డబ్బులు మిగులుతాయి కాబట్టి అది చౌక మోడల్. కొన్నవాడు బయటికొచ్చి అదే సందులో ఇంకో షాపులో దొంగ విండోస్ వేయించుకుని ఇంటికి పోయేవాడు. ఉబుంటు ఆ లాప్‌టాప్‌లో ఒక్క పూట కూడా బతికేది కాదు. మన మార్కెట్‌లో 'ఉబుంటు లాప్‌టాప్' అంటే 'డబ్బులు తక్కువున్నవాడి లాప్‌టాప్' అనే అర్థం వచ్చేసింది.

రెండోది అమెరికాలో. డెల్‌లోనే బార్టన్ జార్జ్ అనే ఉద్యోగి కంపెనీ లోపలి నిధి నుంచి 40,000 డాలర్లు తీసుకుని 'ప్రాజెక్ట్ స్పుత్నిక్' మొదలుపెట్టాడు. ఆలోచన సింపుల్. అందరికీ కాదు, ఒక్క డెవలపర్లకే లైనక్స్ లాప్‌టాప్ చేద్దాం. డెవలపర్లనే అడిగారు, ఏం కావాలని. వాళ్లు కోరింది ఆర్భాటం కాదు: టచ్‌ప్యాడ్ సరిగ్గా పనిచేయాలి, వైఫై రావాలి, మూత మూస్తే నిద్రపోవాలి, తెరిస్తే లేవాలి. 2012 నవంబర్‌లో ఎక్స్‌పీఎస్ 13 డెవలపర్ ఎడిషన్ వచ్చింది. అది చౌక మోడల్ కాదు, డెల్ దగ్గరున్న ఖరీదైన మోడళ్లలో ఒకటి. అయినా కొన్నారు. అదే కంపెనీ, అదే ఉబుంటు. ఒకచోట గతిలేనివాడి సరుకు, ఇంకోచోట పనిమంతుడి సరుకు. తేడా సాఫ్ట్‌వేర్‌లో లేదు, ఎవరికి ఏమని చెప్పి ఇచ్చారన్న దాంట్లో ఉంది.

ఫెడోరా వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. అప్పటిదాకా 'మా సిస్టం అందరిదీ' అన్న ధోరణి. అందరిదీ అంటే ఎవరిదీ కాదు కదా. 2013లో కూర్చుని, అసలు మనం ఎవరి కోసం చేస్తున్నాం అని కాగితం మీద రాసుకున్నారు. 2014 డిసెంబర్ 9న ఫెడోరా 21 వచ్చింది, అందులో 'వర్క్‌స్టేషన్' అని డెస్క్‌టాప్‌కి వేరే పేరు. ఆ కాగితంలో వాళ్లు పెట్టుకున్న మనుషులు: కంప్యూటర్ చదివే స్టూడెంట్, సొంతంగా పనిచేసే డెవలపర్, చిన్న కంపెనీ డెవలపర్, పెద్ద కంపెనీ డెవలపర్. మొదటి పేరు స్టూడెంట్‌ది. ఎస్.ఆర్.నగర్ హాస్టల్ కుర్రాడిని వాళ్లెప్పుడూ చూసి ఉండరు, కానీ రాసింది వాడి గురించే.

అయితే డెవలపర్ దారి కూడా పూలబాట కాదు. గ్నోమ్ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడైన మిగెల్ డి ఇకాజా 2012లో లైనక్స్ డెస్క్‌టాప్‌ని చంపిందేమిటి అని ఒక వ్యాసం రాశాడు. ఒక డిస్ట్రోకి రాసింది ఇంకో దాంట్లో నడవదు, ఈ ఏడాది రాసింది వచ్చే ఏడాది నడవదు అన్నది ఆయన బాధ. తర్వాత తాను మ్యాక్‌కి మారిపోయానని కూడా చెప్పాడు. గుడి కట్టిన పూజారే ఊరు వదిలేసినట్టు! లైనస్ కూడా 2014లో డెబియన్ వాళ్ల సభలో ఇదే విషయం మీద విరుచుకుపడ్డాడు. తాను రాసిన స్కూబా డైవింగ్ యాప్‌ని విండోస్‌కి, మ్యాక్‌కి ఇవ్వడం తేలిక, లైనక్స్ డెస్క్‌టాప్‌కి ఇవ్వడమే నరకం అని. ఆ తిట్లలోంచే ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ లాంటి పద్ధతులు ఊపందుకున్నాయి. యాప్‌ని ఒక్కసారి కట్టి పెడితే ఏ లైనక్స్‌లోనైనా నడవాలన్నది వాటి ఉద్దేశం. మీ ఫోన్‌లో ప్లే స్టోర్ లాగా అనుకోండి.

మరి హైదరాబాద్ కుర్రాడు ఎప్పుడు కదిలాడు? ఉద్యోగ ప్రకటన మారినప్పుడు. ఇంకెప్పుడు!

2012 తర్వాత అమీర్‌పేట గోడల మీద కొత్త పేరు వచ్చింది: హడూప్. బిగ్ డేటా అన్నారు. తర్వాత డెవ్‌ఆప్స్, ఏడబ్ల్యూఎస్, డాకర్. వీటన్నిటికీ సొంత ఊరు లైనక్స్. హడూప్ నేర్చుకునేవాడికి క్లౌడెరా వాళ్ల వర్చువల్ మెషీన్ ఫైల్ ఇచ్చేవాళ్లు, లోపల సెంట్‌ఓఎస్ లైనక్స్. అది విండోస్ లోపల ఇంకో కంప్యూటర్ లాగా నడవాలి. 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్. విండోస్ సగం తినేది, మిగిలిన సగంలో లైనక్సూ, దాని పైన హడూపూ. మౌస్ కదిలిస్తే బాణం గుర్తు టీ తాగి వచ్చేది. అలా విసిగి విసిగి ఏదో ఒక రాత్రి గదిలో ఎవడో ఒకడు అనేవాడు, ఈ విండోస్‌ని తీసేసి నేరుగా లైనక్సే వేస్తే పోలా అని.

విప్లవం అలాంటి రాత్రే వచ్చింది. ర్యామ్ చాలక.

ఇంకో గుంపు ఫోన్ పిచ్చోళ్లు. ఆండ్రాయిడ్ ఫోన్ రూట్ చేసి, సైనోజెన్‌మాడ్ లాంటి రామ్‌లు వేసి, తర్వాత సొంతంగా బిల్డ్ చేయాలనుకున్న ఇంజనీరింగ్ పిల్లలు. ఆండ్రాయిడ్ సోర్స్ బిల్డ్ చేయడానికి గూగుల్ సూచించింది ఉబుంటునే. ఈ దారిలో లైనక్స్‌కి వచ్చినవాళ్లలో చాలామందికి స్టాల్‌మన్ ఎవరో తెలియదు, తెలియాల్సిన పనీ లేదనుకున్నారు. పైపెచ్చు ఈసారి ఇంట్లో నెట్ ఉంది. 2016లో జియో వచ్చాక అయితే చెప్పనే అక్కర్లేదు. నా గదిలో పాట పాడని ఉబుంటుకీ, వీళ్ల ఉబుంటుకీ మధ్య అసలు తేడా ఆ నెట్టే.

ఇప్పుడు కథ మలుపు తిరుగుతుంది. అమీర్‌పేట మెట్రోలో బ్లూ లైన్ ఎక్కితే తర్వాతి స్టేషన్ బేగంపేట. అక్కడ హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ ఉంది. అందులో చదువుకున్న సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాడు. ఫ్లెక్సీలు కట్టుకున్నాం, స్వీట్లు పంచుకున్నాం, అది అందరికీ గుర్తే. కానీ అదే ఏడాది అక్టోబర్‌లో ఆయన శాన్ ఫ్రాన్సిస్కోలో స్టేజీ మీద చెప్పిన మాట ఇక్కడ తక్కువమంది పట్టించుకున్నారు. మైక్రోసాఫ్ట్ లైనక్స్‌ని ప్రేమిస్తుంది అన్నాడు. ఇంతకు ముందు సీఈఓ క్యాన్సర్ అన్నది దేన్నో గుర్తుందిగా.

ప్రేమ ఊరికే పుట్టలేదు లెండి. నాదెళ్ల అంతకు ముందు క్లౌడ్ విభాగం చూసినవాడు. అద్దెకిచ్చే సర్వర్ల మీద కస్టమర్లు లైనక్సే అడుగుతున్నారని ఆయనకి లెక్కల్లో కనిపించింది. సర్వర్ లైనక్స్ అయితే, దానికి కోడ్ రాసేవాడి టేబుల్ మీదకి కూడా లైనక్స్ వచ్చేస్తుంది. అప్పుడు విండోస్ గతి? అందుకని 2015లో వీఎస్ కోడ్ తెచ్చారు, మొదటి రోజు నుంచే లైనక్స్‌లోనూ నడిచేలా. 2016 మార్చి 30న ఇంకా పెద్ద దెబ్బ: విండోస్ లోపలే ఉబుంటు. కానోనికల్‌తో కలిసి చేశారు. డబ్ల్యూఎస్‌ఎల్ అంటున్నాం ఇప్పుడు. దీని వెనకాల పని కొంత, విండోస్ ఫోన్లలో ఆండ్రాయిడ్ యాప్‌లు నడపాలని చేసి మూలన పడేసిన ప్రాజెక్టు నుంచి వచ్చింది. ఫోన్‌లో ఓడిన సరుకు డెస్క్‌టాప్‌లో గెలిచింది. 2018లో 750 కోట్ల డాలర్లకి గిట్‌హబ్ కొనుగోలు. 2019లో ప్రకటించిన డబ్ల్యూఎస్‌ఎల్ రెండో వెర్షన్‌లో అయితే అసలు సిసలు లైనక్స్ కెర్నల్‌నే విండోస్‌తో ఇచ్చారు.

ఇది నాదెళ్ల తెలివా, లైనక్స్ గెలుపా? నాకైతే రెండూ అనిపిస్తుంది, కానీ లైనక్స్ డెస్క్‌టాప్‌కి మాత్రం ఇది గట్టి దెబ్బ. ఎలా అంటారా. ఫెడోరా, ఉబుంటు వాళ్లు వల వేసింది టెర్మినల్ కావాల్సిన డెవలపర్‌కి. వాడికి కావాల్సిన టెర్మినల్ ఇప్పుడు విండోస్ లోపలే దొరికింది. మొత్తం ఇల్లు మారక్కర్లేదు, వంటగది ఒక్కటి అద్దెకు తీసుకుంటే చాలు. ఆఫీసులో ఇచ్చిన లాప్‌టాప్‌లో విండోస్ అలాగే ఉంటుంది, మీటింగులు అందులో, కోడ్ మాత్రం లోపలి ఉబుంటులో. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో పనిచేసే మా స్నేహితుల్లో ఎక్కువమంది బతుకు ఇదే.

లెక్కలు కూడా ఇదే చెబుతాయి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2023 సర్వేలో డెవలపర్లలో నలుగురిలో ఒకరికి పైగా ఉబుంటు వాడతామన్నారు. అదే మొత్తం జనాన్ని తీసుకుంటే, స్టాట్‌కౌంటర్ లెక్కలో 2024 ఫిబ్రవరికి ప్రపంచ డెస్క్‌టాప్‌లలో లైనక్స్ 4 శాతం దాటింది. మన దేశానికి అదే సంస్థ పది శాతం పైన చూపించింది. దాన్ని చూసి మనవాళ్లు కొందరు ఎగిరి గంతేశారు. కొంచెం ఆగండి. అది వెబ్ పేజీలు ఎన్నిసార్లు తెరిచారన్న లెక్క, ఎన్ని కంప్యూటర్లున్నాయన్న లెక్క కాదు. రోజంతా నెట్‌లో ఉండే పది మంది డెవలపర్లు, వారానికోసారి కంప్యూటర్ తెరిచే వంద మందికన్నా ఎక్కువ బరువు తూగుతారు.

డెవలపర్ వస్తే వెనకాల జనం వస్తారన్న బామర్ సూత్రం ఇక్కడ పూర్తిగా పనిచేయలేదు. ఎందుకంటే విజువల్ బేసిక్ నేర్చుకున్న కుర్రాడు పక్కింటి కిరాణా షాపుకి బిల్లింగ్ ప్రోగ్రాం రాసేవాడు. ఆ ప్రోగ్రాం విండోస్‌లో నడిచేది, షాపువాడు విండోస్ వాడేవాడు. లైనక్స్ నేర్చుకున్న మన కుర్రాడు రాసేది అమెరికా బ్యాంకుకో, బెంగళూరు యాప్ కంపెనీకో. అది సర్వర్‌లో నడుస్తుంది, మనిషి చేతికి ఫోన్‌లో వస్తుంది. మధ్యలో డెస్క్‌టాప్‌కి పనే లేదు. మన డీటీపీ షాపుకి పేజ్‌మేకర్ లాంటిది లైనక్స్‌లో రాస్తానని అప్పు చేసి అమీర్‌పేట వచ్చినవాడు ఎవడూ అనలేదు, అనడు కూడా. అందులో ప్యాకేజీ లేదు.

అయితే సంతలో ఆ అన్న చెప్పిన 'ఎక్కదు' అన్న మాట ఒకటి మిగిలింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్, కొంచెం కొత్త ప్రాసెసర్ ఉండాలంటుంది. ఆఫీసులు వదిలించుకున్న పాత లాప్‌టాప్‌లు సంతలోకి వస్తున్నాయి. వాటికి లైనక్స్ ఎక్కిస్తున్నది ఎవరు? లైనక్స్ తెలిసిన పోరగాళ్లే. ఒకప్పుడు దొంగ విండోస్ వేసిచ్చిన సందులోనే ఇప్పుడు ఉబుంటు వేసిస్తున్నారు. సర్వర్ కోసం నేర్చుకున్న విద్య ఇలా అడ్డదారిలో డెస్క్‌టాప్‌కి చేరుతోంది.

బేరమాడి ఆ లాప్‌టాప్ కొన్నాను. మా అన్నయ్య కొడుకు బీటెక్ సెకండియర్, వాడికిచ్చాను. ఇచ్చే ముందు సరదాకి భాష తెలుగులోకి మార్చాను. సగం తెలుగు, సగం ఇంగ్లీషు వచ్చింది, అనువాదాలు అన్నీ పూర్తి కాలేదు. మా వదిన వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "దస్త్రమా! ఈ మాట విని ఎన్నేళ్లయిందయ్యా. మా తాతయ్య కరణం. దస్త్రాలు గుడ్డలో మూటగట్టి అటక మీద పెట్టేవాడు, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు," అంది. కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కో మెనూ తెరిచి చదవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో ఆమె కంప్యూటర్ ముందు అంతసేపు కూర్చోవడం నేను చూడలేదు.

సాయంత్రం వాడు కాలేజీ నుంచి వచ్చాడు. చూసి, రెండు నిమిషాల్లో భాష మళ్లీ ఇంగ్లీషులోకి మార్చేశాడు.

"ఎందుకురా?" అన్నాను.

"ఎర్రర్ వస్తే గూగుల్‌లో వెతకాలి కదా బాబాయ్. తెలుగులో వెతికితే ఏం దొరుకుతుంది?"

వాడన్నదీ నిజమే. వదిన ఏమీ అనలేదు, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్నాడు నేను వెళ్లి ఆ లాప్‌టాప్‌లో ఆమెకి వేరే లాగిన్ పెట్టి వచ్చాను, తెలుగులో. ఒకే లైనక్స్‌లో ఇద్దరికీ రెండు భాషలు పెట్టుకోవచ్చు. ఎలా పెట్టాలో వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద చూపిస్తాను. ఉంటానండి.